నెట్‌హ్యాక్‌లో 31కి 31: నా అనుభవం

నెట్‌హ్యాక్ నడుస్తున్న కంప్యూటర్‌ను పక్కనుంచి చూసినవాళ్లు అది చెడిపోయిందనుకుంటారు. తెర మీద బొమ్మ ఒక్కటీ ఉండదు. నల్లటి తెర నిండా చుక్కలు, గీతలు, అక్షరాలు. చుక్క అంటే నేల, గీత అంటే గోడ. పిల్లి చిన్న ఎఫ్, కుక్క చిన్న డి, డ్రాగన్ పెద్ద డి. ఆడే మనిషి @ గుర్తు. ఆ @ నేలమాళిగలో యాభై అంతస్తుల దాకా దిగి, అట్టడుగున ఉన్న యెండర్ తాయెత్తును సంపాదించి, మళ్లీ అన్ని అంతస్తులూ ఎక్కి వచ్చి, దాన్ని తన దేవుడి పీఠం మీద సమర్పించాలి. కథ ఇంతే. మిగిలినదంతా మధ్యలో ఎలా చస్తామన్నదే.

ఇందులో చావు నిజంగా చావే. ఆటను సేవ్ చేసుకోవచ్చు గానీ అది భోజనానికి లేవడానికి మాత్రమే. పాత్ర చనిపోతే ఆ ఫైలూ దానితో పాటే పోతుంది. మళ్లీ ఒకటో అంతస్తు, మళ్లీ కొత్త పటం, కొత్తగా కలగలిపిన వస్తువులు. 1980లో వచ్చిన రోగ్ అనే ఆట దీనికి తాత, దాన్ని చూసి రాసిన హ్యాక్ తండ్రి. నెట్‌హ్యాక్ 1987లో పుట్టింది. ఉచితం, మూలరచన (సోర్స్ కోడ్) ఎవరైనా చదువుకోవచ్చు. 2021లో న్యూరిప్స్ సదస్సు తరఫున కృత్రిమ మేధ ప్రోగ్రాములకు ఈ ఆటలో పోటీ పెడితే ఒక్కటి కూడా చివరిదాకా చేరలేదు. తమంతట తామే నేర్చుకున్న ప్రోగ్రాముల కన్నా మనిషి కూర్చుని నియమాలు రాసిపెట్టినవే మెరుగ్గా ఆడాయి. ఆ వార్త చదివిన రోజు నాకు కలిగిన ఆనందం కాస్త లేకిదే, అయినా ఆనందమే.

నేను ఆడింది 3.7 కూర్పు. గిట్‌హబ్ నుంచి మూలరచన తెచ్చి కంపైల్ చేసుకున్నాను. పాత కూర్పుల్లో కూడా అచీవ్‌మెంట్ల లెక్క, అంటే ఫలానా పని చేశావని ఆట ఇచ్చే గుర్తింపుల లెక్క, ఉండేది కానీ అది స్కోరు ఫైల్లో ఎక్కడో ఒక అంకెగా పడి ఉండేది. 3.7లో వాటి సంఖ్య 31కి పెరిగింది, ఆట మధ్యలోనే చూసుకునే వీలూ వచ్చింది. జాబితా చదవగానే ఒక సంగతి అర్థమైంది. వీటన్నిటినీ ఒకే జీవితంలో సాధించడం కుదరదు. ఒక అచీవ్‌మెంటు నవల చదవమంటుంది, మరొకటి పుట్టుకతోనే చూపు లేకుండా ఆడమంటుంది. అందుకని కొన్ని జీవితాల మీద పంచుకుని పూర్తి చేయాలనుకున్నాను. ఒక షరతు మాత్రం పెట్టుకున్నాను: చూపు లేకుండా ఆడటం, ఒంటి మీద కవచం లేకుండా ఆడటం అనే రెండూ పూర్తి గెలుపుతో ముగిస్తేనే లెక్క.

మొదట వచ్చేవి వాటంతట అవే వస్తాయి. గ్నోమ్‌లనే పొట్టి జీవుల గనుల్లోకి అడుగు పెడితే ఒకటి, గనుల్లోని ఊరు చేరితే ఒకటి, దుకాణంలోకి వెళితే ఒకటి, గుడిలోకి వెళితే ఒకటి. నేను మరుగుజ్జు జాతి వాల్కిరీతో, అంటే యోధురాలి పాత్రతో, మొదలుపెట్టాను కాబట్టి గనుల్లోని గ్నోమ్‌లూ మరుగుజ్జులూ చాలావరకు స్వజాతివాళ్లలా దారి ఇచ్చారు. మనిషి పాత్రతో వెళితే వాళ్లే గొడ్డళ్లతో మీద పడతారు. జోస్యం చెప్పే ఒరాకిల్‌ను ఏదైనా అడిగితే ఇంకొకటి. చిన్న జోస్యానికి 50 బంగారు నాణేలు. ఆమె చెప్పేది సగం పొడుపుకథ, సగం తెలిసిన సంగతే. డబ్బు వృథా, అచీవ్‌మెంటు మాత్రం దక్కుతుంది.

గనుల అట్టడుగున అదృష్టశిల ఉంటుంది. దాన్ని చేతిలోకి తీసుకుంటే అచీవ్‌మెంటు. ఇక్కడ ఈ ఆట తయారుచేసినవాళ్ల బుద్ధి కనిపిస్తుంది. అదృష్టశిల తెర మీద 'బూడిద రంగు రాయి' అని మాత్రమే కనిపిస్తుంది. బరువురాయి అనే మరో వస్తువు కూడా అచ్చంగా అదే పేరుతో, అదే రంగులో కనిపిస్తుంది. అది శపించబడి ఉంటే ఎత్తుకున్నాక కింద పెట్టలేం. అడుగు తీసి అడుగు వేయలేనంత బరువుతో మిగతా ఆటంతా ఈడ్చుకుంటూ తిరగాలి. తేడా తెలుసుకునే తేలిక మార్గం, ముందు కాలితో తన్నడం. మామూలు రాయి దొర్లుతుంది, బరువురాయి 'దబ్'మని శబ్దం చేసి ఉన్నచోటే ఉంటుంది. బయట జీవితంలో దేన్నీ తన్ని చూసే అలవాటు నాకు లేదు. ఇక్కడ రాయి కనబడితే చాలు వేలు ముందుగా తన్నే మీట మీదకే పోతుంది.

ఒరాకిల్ కింది అంతస్తులో పైకి వెళ్లే రెండో మెట్లదారి ఒకటి ఉంటుంది. అది సోకోబాన్‌కు. గిడ్డంగిలో పెట్టెలు నెట్టే పాత జపాన్ ఆటను నెట్‌హ్యాక్‌లో బండరాళ్లతో కట్టారు. బండను నెట్టవచ్చు, లాగడం కుదరదు, మూలకు చేరిందంటే దాని పని అయిపోయినట్టే. నాలుగు అంతస్తుల గుంటలన్నీ పూడ్చుకుంటూ పైకి వెళితే చివర ఒక బహుమతి ఉంటుంది: ఎంత నింపినా బరువు తగ్గించి చూపే సంచి గానీ, కిరణాలను తిప్పికొట్టే తాయెత్తు గానీ. అది అందుకుంటే అచీవ్‌మెంటు. ఆటలో నాకు అత్యంత విసుగు తెప్పించే చోటు ఇదే. ఇష్టపడేవాళ్లున్నారని తెలుసు, వాళ్లతో నాకు పేచీ లేదు.

పెద్ద గదితో మాత్రం పేచీ ఉంది. 10 నుంచి 12 అంతస్తుల మధ్య ఎక్కడో గోడల్లేని ఒకే విశాలమైన గది ఉండవచ్చు. అందులో అడుగు పెడితే అచీవ్‌మెంటు. 'ఉండవచ్చు' అన్నదగ్గరే చిక్కు. ఆ గది ప్రతి ఆటలో ఉండదు. నూటికి 40 ఆటల్లోనే పుడుతుంది. ఉంటే నడిచి వెళ్లడమే, లేకపోతే ఎంత గొప్పగా ఆడినా రాదు. ఇందులో సాధించింది ఏముంది? వాల్కిరీతో గెలిచిన ఆటలో ఆ గది లేదు. తర్వాత ఏదో అనామక సమురాయ్‌తో ఆడుతూ 11వ అంతస్తు దిగితే ఎదురుగా తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా చుక్కలు. అచీవ్‌మెంటు వచ్చింది. ఆ గదిలోనే సైనిక చీమలు చుట్టుముట్టి ఆ సమురాయ్‌ని అయిదారు ఎత్తుల్లో ముగించేశాయి.

ఇక కోట పాట సంగతి. నేలమాళిగ మొదటి భాగం చివర చుట్టూ నీటి కందకంతో ఒక కోట ఉంటుంది. దాని ఎత్తుడు వంతెన అయిదు స్వరాల పాటకు దిగుతుంది. స్వరాలు ఏ నుంచి జీ వరకు ఏడు. ఆ పాట ప్రతి ఆటలోనూ వేరు. వేణువో కొమ్ముబూరో చేతబట్టి వంతెనకు దగ్గరగా నిలబడి ఊహించి వాయించాలి. సరైన స్వరం సరైన చోట పడితే పళ్లచక్రం తిరిగిన చప్పుడు, సరైన స్వరం తప్పు చోట పడితే లోపలి మీట టక్కుమన్న చప్పుడు వినిపిస్తాయి. ఎన్ని తిరిగాయో, ఎన్ని టక్కుమన్నాయో ఆట చెబుతుంది. ఎక్కడివి అన్నది చెప్పదు.

ఏడు స్వరాలు అనగానే నా నోటుపుస్తకంలో అవి స రి గ మ ప ద ని అయిపోయాయి. మొదట 'స స స స స' వాయించాను. ఒక్క చక్రం తిరిగింది. అంటే పాటలో షడ్జమం ఒక్కచోటే ఉంది. తర్వాత 'స రి రి రి రి'. చక్రం తిరగలేదు, ఒక్క మీట టక్కుమంది. ఇందులో రెండు సంగతులు తెలిశాయి. స మొదటి స్థానంలో లేదు, రి అసలు పాటలోనే లేదు. రి ఉండి ఉంటే మరో చప్పుడు వినిపించేది. అక్కడి నుంచి రిషభాన్ని ఖాళీ గడిలా వాడుకున్నాను. 'రి స గ గ గ', 'గ రి స గ రి' అంటూ ఒక్కో స్థానాన్ని బిగించుకుంటూ పోయాను. ఈలోగా కందకంలోంచి రాక్షస ఈల్ చేప ఒకటి తల ఎత్తడం మొదలుపెట్టింది. అది ఒంటికి చుట్టుకుందంటే నీళ్లలోకి లాగి ముంచేస్తుంది. అది తల ఎత్తినప్పుడల్లా వెనక్కి జరిగి, మళ్లీ వంతెన దగ్గరికి వచ్చి వాయించాను. వంతెన ధన్‌మని దిగింది, అచీవ్‌మెంటు వచ్చింది, వంతెన మీదుగా కోటలోని సైనికులంతా నా మీదకు వచ్చారు. పాట తెలిసింది కాబట్టి మళ్లీ వాయించాను. వంతెన లేచింది. దాని మీద నిలబడ్డవాళ్ల గతి చెప్పనవసరం లేదు. ఈ మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చిన అచీవ్‌మెంటు ఇదే. బలంతో పని లేదు, అదృష్టంతోనూ లేదు. కాగితం, పెన్సిలు చాలు.

కోటలో కోరికల మంత్రదండం ఉంటుంది. అడిగింది ఇస్తుంది, కొన్నిసార్లే. అనుభవం ఉన్నవాళ్లు దాంతో డ్రాగన్ పొలుసుల కవచమో, మరో ప్రాణం ఇచ్చే తాయెత్తో కోరుకుంటారు. నేను ఒక కోరికను నవల కోసం వాడాను. 2015లో చనిపోయిన రచయిత టెర్రీ ప్రాచెట్ స్మృతికి గుర్తుగా ఆయన నవలలను ఈ ఆటలో పెట్టారు. తెరిచి చదివితే ఆయన వాక్యాలు కొన్ని కనిపిస్తాయి. అదీ ఒక అచీవ్‌మెంటే. నవల సాధారణంగా పుస్తకాల దుకాణంలో దొరుకుతుంది, కానీ ఆ దుకాణం ఎదురుపడటం అరుదు. ప్రపంచంలో ఏదైనా అడగవచ్చు అన్నచోట నిలబడి పుస్తకం అడగడం వృథా అని లెక్కలు చెబుతాయి. నాకు అలా అనిపించలేదు.

కోట దాటితే గెహెన్నం, అంటే నరకం. ఇక్కడి నుంచి అచీవ్‌మెంట్లు గొలుసులా వస్తాయి. నరకంలో కాలు పెట్టడం, పాత్ర సొంత యాత్రలో శత్రువును చంపి గంట తేవడం, వ్లాడ్ అనే రక్తపిశాచి గోపురం నుంచి దీపస్తంభం, యెండర్ మాంత్రికుడి నుంచి పుస్తకం. వీటికి ముందే కోట దారిలో, చూపుతోనే మనిషిని రాయిగా మార్చే మెడూసాను చంపాలి. ఆమె చూపును అద్దంతో ఆమె మీదకే తిప్పితే తనకు తానే రాయైపోతుంది. నరకంలోని అంతస్తులు చాలావరకు ఒకేలా ఉండే చిక్కుదారులు. ఆట మొత్తంలో పలచబడ్డ భాగం ఇదే. పాత ఆటగాళ్లు ఎంత మెచ్చుకున్నా ఈ మాట అనక తప్పదు.

నరకం అడుగున కనిపించే మెట్లు ఉండవు. నేల కంపించే గడి ఒకటి వెతకాలి. అక్కడ నిలబడి దీపస్తంభానికి ఏడు కొవ్వొత్తులు అమర్చి వెలిగించి, గంట మోగించి, పుస్తకం చదవాలి. ఆ ఏడు కొవ్వొత్తులు ఎక్కడో పైన గనుల ఊళ్లో దీపాల కొట్టులో కొనుక్కుని ఉంచుకోవాల్సినవి. మరిచిపోయి ఇంత దూరం వస్తే అన్ని అంతస్తులూ మళ్లీ ఎక్కాలి. నా వాల్కిరీ వాటిని ఆట మొదట్లోనే కొని సంచిలో అడుగున వేసుకుంది. తాయెత్తు చేతికి వచ్చాక పైకి ఎక్కుతుంటే ఏదో అదృశ్య శక్తి పట్టుకుని కొన్ని అంతస్తులు కిందికి విసిరేస్తుంటుంది. చంపిన మాంత్రికుడు మళ్లీ మళ్లీ లేచి వస్తుంటాడు. చివరికి నాలుగు భూతాల లోకాలు దాటాలి: భూమి, గాలి, నిప్పు, నీరు. ఆకాశం లేదేమిటని మనవాళ్లకు అనిపిస్తుంది. దాని బదులు నక్షత్రలోకం ఉంది. అక్కడ మూడు పీఠాలు, మృత్యువు, కరువు, మహమ్మారి అనే ముగ్గురు రౌతులు. సరైన పీఠం మీద తాయెత్తు సమర్పిస్తే గెలుపు.

గెలిచాక జాబితా చూస్తే ఇంకా నాలుగైదు ఖాళీలు. వాటిలో కొన్ని హోదాలవి. పాత్ర అనుభవం పెరిగేకొద్దీ హోదా మారుతుంది, ఎనిమిది మార్పులకు ఎనిమిది అచీవ్‌మెంట్లు. చివరి హోదాకు 30వ లెవెల్ కావాలి. అంటే 10 కోట్ల అనుభవ పాయింట్లు. రాక్షసులను చంపుతూ అంత పోగు చేయడం మానవమాత్రులకు సాధ్యం కాదు, అవసరం కూడా లేదు, గెలుపుకు అందులో సగం లెవెల్ చాలు. అడ్డదారి రెయిత్ అనే ప్రేతం. దాని శవాన్ని తింటే ఒక లెవెల్ పెరుగుతుంది. కానీ అవి ఎదురుపడటమే తక్కువ, చంపితే శవం మిగలడం ఇంకా తక్కువ. అందుకని మరో వాల్కిరీతో కోట దాకా వెళ్లి, శపించిన జాతినాశన మంత్రపత్రాలు కోరుకున్నాను. మామూలుగా ఆ పత్రం పేరు చెప్పిన జాతిని తుడిచేస్తుంది. శపించినదైతే తలకిందులుగా పనిచేసి ఆ జాతివాళ్లను నలుగురి నుంచి ఆరుగురి దాకా మన చుట్టూ పుట్టిస్తుంది. రెయిత్ అని చెప్పి, పుట్టినవాటిని చంపి, తిని, మళ్లీ చదివి. శ్మశానం ఉన్న అంతస్తులో శవాలు సరిగా మిగలవని, మామూలు అంతస్తుకు వచ్చి చేశాను. మిగిలిన లెవెళ్లు దొరికిన పానీయాలతో నెట్టుకొచ్చాను. ఇది ఆడటం కాదు, వంట. అయినా 'లేడీ' అన్న బిరుదు పైవరసలో కనబడగానే తృప్తిగానే ఉంది.

ఇక నేను షరతు పెట్టుకున్న రెండూ మిగిలాయి.

కవచం లేకుండా ఆడటానికి సన్యాసి పాత్ర తీసుకున్నాను. ఒంటి మీద బరువు లేకపోతే సన్యాసికి సహజ రక్షణ పెరుగుతుంది, వట్టి చేతులతో కత్తి పట్టినవాడి కన్నా గట్టిగా కొడతాడు. సెట్టింగుల ఫైల్లో ఒక మాట చేరిస్తే ఆట మొదట్లో ఇచ్చే అంగీ, చేతి తొడుగులు కూడా ఇవ్వదు. దిగంబరుడు, పైగా శాకాహారి. మాంసం తింటే 'తప్పు చేసినట్టనిపిస్తోంది' అని ఆట గుర్తుచేస్తుంది. రక్షణకు మిగిలింది గుడి పూజారి. లెవెల్‌కు 400 చొప్పున బంగారం దానం చేస్తే ఒక మెట్టు రక్షణ ఇస్తాడు. ఒకటో లెవెల్‌లో ఉంటే 400, రెండో లెవెల్‌లో 800. కాబట్టి లెవెల్ పెరగకుండానే గనుల్లో బంగారం ఏరుకుని గుడికి చేరాలి. బతకడానికి శత్రువులను చంపాలి, చంపితే లెవెల్ పెరుగుతుంది, పెరిగితే దైవరక్షణ ధర పెరుగుతుంది. ఆట మొదటి అంతస్తుల్లో ఎదురైన ప్రతి ఎలుకనూ చూసి పక్కకు తప్పుకుని పోతున్న సన్యాసిని ఊహించుకోండి.

నిజమైన గండం కాకట్రిస్. పసుపు రంగు చిన్న సీ అక్షరం. కోడిపుంజు లాంటి జంతువు, దాని చర్మం తగిలితే మనిషి రాయవుతాడు. తొడుగులున్నవాడికి అది ఒక మామూలు శత్రువు. తొడుగుల్లేని సన్యాసి గుద్దాడంటే ఆ గుద్దే చివరిది. ఆట 'నిజంగానా?' అని అడగదు. సన్యాసి చేత్తోనే కొడతాడు కాబట్టి ఆటగాడి వేళ్లకు అదే అలవాటై ఉంటుంది. చీకటి నడవలో పక్క గడిలోకి ఏదో వచ్చింది, అలవాటుగా ఆ దిక్కు మీట నొక్కాం, అంతే. అందుకని తెర మీద కొత్త అక్షరం కనిపించిన ప్రతిసారీ వేలు ఎత్తి, అదేమిటో చూసే ఆదేశం ఇచ్చి, అప్పుడే కదిలాను. కాకట్రిస్ అని తేలితే దూరం నుంచి బాకులు విసిరాను. బాకులు అయిపోతే నేల మీద ఎల్బెరెత్ అని రాసి దాని మీద నిలబడ్డాను. ఆ పేరు చూస్తే చాలా జీవులు దగ్గరికి రావు.

తాయెత్తు ఒక్కటే మెడలో పడుతుంది. కవచాల్లేనివాడికి కిరణాలను తిప్పికొట్టే దారి దాదాపు తాయెత్తు ఒక్కటే. మరో ప్రాణం ఇచ్చేదీ తాయెత్తే. రెండూ సంచిలో ఉండి, ఏ గది తలుపు దగ్గర ఏది వేసుకోవాలో తేల్చుకోలేక నిలబడ్డ సందర్భాలు చాలా ఉన్నాయి. కవచం ఉన్న ఆటల్లో ఈ ప్రశ్నే నాకు రాలేదు. మంత్రాలను అడ్డుకునే శక్తి మాత్రం సన్యాసి సొంత యాత్రలో దొరికే కళ్లద్దాలలో ఉంది. కళ్లద్దాలు కవచం కిందకు రావు. ఆట రాసినవాళ్లు దాన్ని ఈ పాత్రకే ఎందుకిచ్చారో గానీ వాళ్లకు నమస్కారం. ఆ ఆటలో ఎత్తు ఎత్తుకూ ఆలోచించాను. వాల్కిరీ గెలిచినప్పుడు నేను చాలాచోట్ల కళ్లు మూసుకునే నెట్టుకొచ్చానని అప్పుడు తెలిసింది.

అసలు కళ్లు మూసుకుని ఆడటం మరో సంగతి. సెట్టింగుల్లో మరో మాట చేరిస్తే పాత్ర పుట్టుకతోనే చూపులేనిది. గది వెలుగులో ఉన్నా తెర మీద నడిచిన దారి తప్ప ఏదీ కనిపించదు. గోడ ఎక్కడుందో గుద్దుకుంటే తెలుస్తుంది. ఏదైనా కొరికితే అక్కడొక పెద్ద ఐ గుర్తు పడుతుంది, 'ఏదో ఉంది' అని. మంత్రపత్రాలు చదవలేం. మంత్రదండాల రూపం తెలియదు. చేయగలిగిందల్లా విని, తడిమి తెలుసుకోవడం.

ఈ దశలో ఆట దయ చూపిస్తుంది, తనదైన పద్ధతిలో. తేలే కన్ను అనే నీలి జీవి ఉంటుంది. కొత్తగా ఆడేవాళ్లను ఎక్కువగా పొట్టన పెట్టుకునేవాటిలో అదొకటి. చూపున్నవాడు దాన్ని కొడితే అది కళ్లలోకి చూస్తుంది, మనిషి కదలలేక కొయ్యబారిపోతాడు, దారిన పోయే ఏ నక్క అయినా వచ్చి చంపేస్తుంది. చూపులేనివాడిని అది ఏమీ చేయలేదు. కొట్టి చంపి దాన్ని తింటే మనోదృష్టి వస్తుంది. కళ్లు మూసుకుని ఉన్నంతసేపు ఆ అంతస్తులో మనసున్న ప్రతి జీవీ ఎక్కడుందో తెలుస్తుంది. ఆ ముద్ద మింగిన మరుక్షణం నల్లటి తెర మీద ఒకేసారి అక్షరాలు పూశాయి. దుకాణదారు ఎక్కడ, ఓర్క్‌ల గుంపు ఎక్కడ, మూల దాక్కున్న నాగం ఎక్కడ, అన్నీ. చూపుతో ఆడినప్పుడు ఇంత చూసిన గుర్తు లేదు.

మనసు లేనివి మాత్రం చీకట్లోనే ఉండిపోతాయి. జాంబీలు, మట్టిబొమ్మలు, బూజులు, ముద్దలు. అవి మీద పడితేనే తెలుస్తాయి. మనోదృష్టికి శత్రువు మైండ్ ఫ్లేయర్. అది మానసిక తరంగాలు విసురుతుంది, మనోదృష్టి ఉన్న అంధుడికి అవి సూటిగా తగులుతాయి. దగ్గరికి వస్తే మెదడే తినేస్తుంది. అది ఉన్న అంతస్తుల్లో నేను మరే పనీ పెట్టుకోలేదు, మెట్ల కోసం పరుగు.

అన్నిటికన్నా భయపెట్టింది నేల మీది వస్తువులు. ఒక గడిలో ఏముందో తెలియాలంటే తడమాలి. కాకట్రిస్ శవం పడి ఉన్న గడిని తొడుగుల్లేకుండా తడిమితే రాయైపోతాం. చంపిన కాకట్రిస్ శవం ఎక్కడ పడిందో నాకు తెలుసు. వేరే జీవులు చంపుకున్నవి ఎక్కడున్నాయో తెలియదు. చేతి తొడుగులు దొరికేవరకు ఏ గడినీ తడమలేదు. ఎన్ని మంచి వస్తువుల మీద కాలు పెట్టి పోయానో లెక్క లేదు.

మెడూసా ఆ ఆటలో చిన్నబోయింది. ఆమె చూపుకు ఎదురుగా చూపు కావాలి కదా. ఏ అద్దమూ లేకుండా నేరుగా వెళ్లి కొట్టాను, పడిపోయింది. నరకం అడుగున కంపించే గడిని పాదాలే పట్టుకున్నాయి. అక్కడ పుస్తకం చదవాలి. చూపులేనివాడు ఆటలో మరే పుస్తకమూ చదవలేడు, ఈ ఒక్కదానికి మినహాయింపు ఇచ్చారు. లేకపోతే ఆ పాత్రకు గెలుపే ఉండదు. మూలరచనలో ఆ ఒక్క పంక్తిని వెతుక్కుని చదివాను.

నక్షత్రలోకంలో పూజారులు, దేవదూతలు, రౌతులు అందరూ అక్షరాలై కనిపించారు. పీఠాలు మాత్రం కనిపించలేదు. మూడింటిలో ఏది నా దేవుడిదో దాని మీదకు చేరి తెలుసుకోవాల్సిందే. తప్పు పీఠం మీద సమర్పిస్తే ఆట అవమానంతో ముగుస్తుంది. చూపున్నవాళ్లకు కూడా ఆ లోకంలో దూరం నుంచి పీఠం ఎవరిదో తెలియదు, కాబట్టి అక్కడ నేనూ వాళ్లూ సమానమే. మొదటిది నాది కాదు. అంత జనంలోంచి తోసుకుంటూ రెండోదానికి వెళుతుంటే కరువు ఎదురైంది, కడుపు ఖాళీ అవుతోందని తెర చెబుతూనే ఉంది. రెండోది నాదే. సమర్పించాను. 31వ పంక్తి జాబితాలో చేరింది.

ఎవరైనా ఈ పని మొదలుపెడితే నా సలహా ఒకటే. మొదట మరుగుజ్జు వాల్కిరీతో మామూలుగా గెలవండి. ఆ తర్వాత హోదాల వంట జోలికి వెళ్లకుండా నేరుగా చూపులేని ఆట మొదలుపెట్టండి, సన్యాసిని దాని తర్వాతకు ఉంచుకోండి. నేను చేసిన వరసకు ఇది తలకిందులు. చూపు లేకుండా నేర్చుకున్న జాగ్రత్త సన్యాసికి అక్షరాలా ప్రాణం పోస్తుంది. పాట కోసం నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి, కొవ్వొత్తులు ముందే కొనుక్కోండి. పెద్ద గది గురించి మాత్రం నన్ను ఏమీ అడగవద్దు.